అత్తమామలతో షికాగో, లాంగ్ వీకెండ్‌లో: కారు తీసుకెళ్లాలా? ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

కొలంబస్_కోడలు
మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకు ఒహాయోలోని కొలంబస్ నుంచి షికాగో వెళ్దామనుకుంటున్నాం. శనివారం తెల్లవారుజామున బయలుదేరి సోమవారం రాత్రికల్లా ఇల్లు చేరాలి, మంగళవారం ఇద్దరికీ ఆఫీసు. మేమిద్దరం, ఐదేళ్ల పాప, విజయవాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు చూస్తేనే భయం. మావయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. షికాగోలో ఆయన అడిగింది ఒక్కటే, వివేకానందుడు ప్రసంగించిన చోటు. మిగతావి మీ ఇష్టం అంటున్నారు.

మావారి స్నేహితుడు ఒక జాబితా పంపాడు, చాంతాడంత ఉంది. అందులో మ్యూజియాలే ఐదు. నెట్‌లో చూస్తే 'మూడు రోజుల్లో షికాగో' అంటూ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా గంటకో చోటు రాసిపెట్టారు. ఆ రాసినవాళ్ల ఇళ్లల్లో మధ్యాహ్నం కునుకు తీసే పెద్దవాళ్లు, దిగిన చోటల్లా బాత్రూం అడిగే పిల్లలు ఉన్నట్టు లేరు.

కారా, విమానమా? హోటలు ఊరి మధ్యలోనా, బయటా? జాబితాలో ఏవి కొట్టేయాలి? ఈ మూడూ చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇండీ_ఇంజినీర్
కొలంబస్ నుంచి దాదాపు 350 మైళ్లు. పెద్దవాళ్లతో ఆగుతూ వెళ్తే ఆరేడు గంటలు. వెళ్లేటప్పుడు గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి ఆ గంట మీకు లాభం. తిరిగి వచ్చేటప్పుడు వడ్డీతో సహా కట్టాలి. సెలవు సోమవారం సాయంత్రం ఐ-65 మీద లోకమంతా ఇంటిముఖం పడుతుంది. మధ్యాహ్నం రెండు దాటకుండా షికాగో వదిలేయండి.

కొలంబస్‌కు ఆమ్‌ట్రాక్ రైలు లేదు, ఆ ఆలోచన వద్దు. విమానం గంటా గంటన్నరే గానీ పండగ రోజుల్లో ఐదు టికెట్లు, పైగా విమానాశ్రయంలో ముందే వెళ్లి కూర్చోవడం. మీ లెక్కకు కారే మేలు.

గోంగూర_పచ్చడి
అత్తమామలకు నయాగరా చూపించారా? అది చూపించకుండా షికాగో తీసుకెళ్తే విజయవాడలో మిమ్మల్ని ఎవరూ క్షమించరు.

కొలంబస్_కోడలు
@గోంగూర_పచ్చడి నయాగరా పోయినసారి వచ్చినప్పుడే అయిపోయింది. ఆ నీలం రెయిన్‌కోటు ఫొటో ఫ్రేము కట్టి హాల్లో కూడా పెట్టారు.

గోంగూర_పచ్చడి
అయితే మీకు అనుమతి ఇస్తున్నాను.

పాత_షికాగో
కారులో రండి. వచ్చాక దాన్ని ఒకచోట పడేసి సోమవారం దాకా ముట్టుకోకండి. డౌన్‌టౌన్ హోటళ్లలో కారు పెట్టినందుకే రాత్రికి 60 డాలర్ల పైన అడుగుతారు. గది అద్దె మీద పన్నులు 17 శాతం దాటుతాయి. కాబట్టి మొదట కనిపించే ధర చూసి మురిసిపోకుండా ఆఖరి అంకె చూడండి. హోటలు పార్కింగ్ కాకుండా పక్క వీధిలోని గ్యారేజీని యాప్‌లో ముందే బుక్ చేసుకుంటే చాలా తగ్గుతుంది.

ఇంత చెప్పాక కూడా డౌన్‌టౌన్‌లోనే ఉండమంటాను. కారణం మీ అత్తయ్యగారే. గది దగ్గరుంటే ఒంటిగంటకు వెళ్లి భోంచేసి, నడుం వాల్చి, ఐదింటికి మళ్లీ బయటికి రావచ్చు. బయట హోటలు తీసుకుంటే పొద్దున వచ్చినవాళ్లు రాత్రి దాకా పార్కు బెంచీల మీదే. మిలీనియం పార్కు చుట్టూ ఒక మైలు గీత గీసుకోండి. బీన్ (చిక్కుడు గింజ ఆకారంలో మెరిసే ఉక్కు శిల్పం), నీళ్లు ఉమ్మే ముఖాల ఫౌంటెన్, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, నది, బకింగ్‌హామ్ ఫౌంటెన్, కల్చరల్ సెంటర్ అన్నీ ఆ గీత లోపలివే. నన్నడిగితే మీకు శని, ఆదివారాలు ఆ మైలు చాలు.

ఇంకో మాట. నది పక్కన వాకర్ డ్రైవ్ రెండంతస్తుల రోడ్డు. పొరపాటున కింది అంతస్తులోకి దిగితే ఫోనుకు ఉపగ్రహం అందదు. దారి చూపే బాణం నది మధ్యలోకి వెళ్లి నిలబడుతుంది. ముందున్న కారు వెనకే పోయి ఏదో ఒక ర్యాంపు పట్టుకుని పైకి రండి, గాభరా పడకండి.

సీమ_సింగం
నేను ఒప్పుకోను. ఐదుగురికి డౌన్‌టౌన్‌లో రెండు గదులు కావాలి. అదే డబ్బుతో షాంబర్గ్‌లో వంటగది ఉన్న సూట్ వస్తుంది, పార్కింగ్ ఉచితం, పొద్దున్నే నాలుగు ఇడ్లీలు పెట్టి బయలుదేరదీయవచ్చు. రోజ్‌మాంట్ స్టేషన్‌లో కారు పెట్టి బ్లూ లైన్ ఎక్కితే నేరుగా ఊరి మధ్యలో దిగుతారు. ఏడేళ్ల లోపు పిల్లలకు టికెట్ కూడా లేదు.

రాత్రి_డ్యూటీ
@సీమ_సింగం షాంబర్గ్ నుంచి రోజ్‌మాంట్ ఇరవై నిమిషాలు, రైలు నలభై, దిగాక నడక. రానూ పోనూ రోజుకు రెండున్నర గంటలు అక్కడే పోయాయి. సాయంత్రం ఆరింటికి ఐదేళ్ల పాప బ్లూ లైన్‌లో నేల మీద పడి ఏడుస్తుంటే మీరొచ్చి ఎత్తుకుంటారా?

సీమ_సింగం
ఎత్తుకుంటాను. నాకు ఇద్దరున్నారు, అలవాటే.

ఇండీ_ఇంజినీర్
మీ ఇద్దరి మధ్యలో మూడో దారి ఉంది. వీళ్లు ఎలాగూ ఇండియానా వైపు నుంచే వస్తారు. ఈస్ట్ షికాగో స్టేషన్‌లో కారు పెట్టి సౌత్ షోర్ రైలు ఎక్కితే మిలీనియం స్టేషన్‌లో దిగుతారు. పార్కు పక్కనే, భూమి కింద. డౌన్‌టౌన్ ట్రాఫిక్ ఊసే ఉండదు. సెలవు రోజుల్లో రైళ్లు తక్కువ కాబట్టి వేళలు చూసుకోండి. కారు రెండు రాత్రులు అక్కడే ఉంచనిస్తారో లేదో కూడా ముందే కనుక్కోండి.

పల్నాటి_పిడుగు
వివేకానందుడి చోటు గురించి ఒక హెచ్చరిక. మేం వెళ్లాం, అక్కడ ఏమీ లేదు. పెద్ద మ్యూజియం, గుమ్మం ముందు రెండు సింహాలు. లోపల కాపలా ఆయన్ని అడిగితే 'ఎవరు?' అన్నాడు. మా నాన్నగారు పాపం చిన్నబుచ్చుకున్నారు. బయట మిషిగన్ అవెన్యూ మీద స్వామి వివేకానంద వే అని గోధుమరంగు బోర్డు ఉంటుంది, దాని కింద నిలబెట్టి ఫొటో తీసి తీసుకొచ్చేశాను.

చదువరి
@పల్నాటి_పిడుగు ఏమీ లేదనకండి. ఏం చూస్తున్నామో తెలిసి వెళ్తే చాలానే ఉంది.

కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిన సందర్భంగా 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ప్రదర్శన ఊరికి దక్షిణాన జాక్సన్ పార్కులో. దానికి అనుబంధంగా జరిగే సభల కోసం మిషిగన్ అవెన్యూ మీద ఈ భవనం కట్టారు. ప్రదర్శన అయిపోగానే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించాలన్నది ముందుగా కుదిరిన ఏర్పాటే. సెప్టెంబర్ 11న సర్వమత మహాసభ మొదలైంది అక్కడే. అప్పటికి వివేకానందుడికి 30 ఏళ్లు.

ఆయన నిలబడి మాట్లాడిన హాల్ ఆఫ్ కొలంబస్ మాత్రం సభల కోసం తాత్కాలికంగా కట్టినది, తర్వాత తీసేశారు. అందుకే ఆ కాపలా ఆయన దగ్గర చూపించడానికి గది లేదు. ముఖద్వారం, ముందరి భవనం మాత్రం నాటివే. ఈ సంగతి మీ మావయ్యగారికి ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి. గది కోసం వెతుక్కుంటూ తిరిగితే నిరాశ తప్పదు. మిషిగన్ అవెన్యూ మీద, సింహాల మధ్య మెట్ల ముందు నిలబడి 'ఈ గుమ్మంలోంచే లోపలికి వెళ్లి ఉంటాడు' అనుకుంటే ఆ అనుభవం వేరు.

2010లో జితీష్ కల్లత్ అనే ముంబయి కళాకారుడు ఆ ప్రసంగం మొత్తాన్ని లోపలి పెద్ద మెట్ల నిలువు పలకల మీద దీపాల అక్షరాలతో పరిచాడు. ఐదు రంగులు వాడాడు, ఉగ్రవాద ముప్పు ఎంత ఉందో చెప్పడానికి అమెరికా ప్రభుత్వం పెట్టుకున్న ఐదు రంగులే. 1893, 2001 నాటి రెండు సెప్టెంబర్ 11లనూ ఒకే మెట్ల మీద కలిపాడన్నమాట. అది ఎప్పుడూ ఉండే ప్రదర్శన కాదు కాబట్టి వెళ్లేముందు మ్యూజియం సైటులో ఒకసారి చూడండి.

మ్యూజియానికి మంగళ, బుధవారాలు సెలవు. తెరిచేది 11 గంటలకు. 14 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు.

పల్నాటి_పిడుగు
సరే. ఈసారి వెళ్లినప్పుడు మీ పోస్టు ఆ కాపలా ఆయనకే చదివి వినిపిస్తాను.

తాటిముంజ
ఒక చిన్న సందేహం. అదే ప్రదర్శనలోనే కదా మొట్టమొదటి జెయింట్ వీల్ తిరిగింది?

చదువరి
అవును, జార్జ్ ఫెర్రిస్ కట్టినది, 264 అడుగుల ఎత్తు. ఇప్పుడు నేవీ పియర్‌లో తిరిగేది దాని మనవరాలు, దాదాపు 200 అడుగులు. ఆ ప్రదర్శన భవనాల్లో ఇంకొకటి కూడా మిగిలింది. సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం ఉన్నది అందులోనే.

కృష్ణా_తీరం
రిటైరైన నీటిపారుదల ఇంజినీరును షికాగో తీసుకెళ్లి ఆకాశహర్మ్యాలు చూపిస్తారా! ఆయనకు నది చూపించండి. ఆ ఊళ్లో అన్నిటికన్నా వింత అదే.

షికాగో నది మొదట్లో మిషిగన్ సరస్సులోకి పారేది. ఊరి మురికంతా నదిలోకి, నది సరస్సులోకి, తాగే నీళ్లు మళ్లీ ఆ సరస్సులోంచే. కలరా, టైఫాయిడ్ రాకేం చేస్తాయి? నీళ్లు తోడే గొట్టాన్ని సరస్సులో రెండు మైళ్ల లోపలికి తీసుకెళ్లి చూశారు, అదీ చాలలేదు. చివరికి 28 మైళ్ల కాలువ తవ్వి, 1900లో నదినే వెనక్కి తిప్పారు. ఇప్పుడు సరస్సు నీరు నదిలోకి వచ్చి, ఆ కాలువ గుండా డెస్ ప్లెయిన్స్, ఇల్లినాయ్ నదుల మీదుగా మిసిసిపీలో కలుస్తుంది. దిగువనున్న సెయింట్ లూయిస్ తరఫున మిస్సోరీ రాష్ట్రం వాళ్లు 'మీ మురికి మాకెందుకు' అని సుప్రీంకోర్టుకెక్కారు. ఎగువ దిగువ తగాదాలు మనకే ఉన్నాయనుకుంటాం.

నది ముఖద్వారం దగ్గర 1938లో కట్టిన లాకు ఉంది. నది నుంచి సరస్సులోకి వెళ్లే పడవ ఎక్కారంటే ఆ లాకులోంచే తీసుకెళ్తారు. పడవ లోపలికి రాగానే వెనక గేట్లు మూసుకుంటాయి. పంపులు లేవు, ఏమీ లేవు. ముందరి గేట్లు కాస్త ఓరగా తెరుస్తారు, సరస్సు నీరు దానంతటదే లోపలికి వస్తుంది. గోడ మీది తడి గీత ఒక్కొక్క అంగుళం మునుగుతూ, చూస్తుండగానే పడవ పైకి లేస్తుంది. పావుగంట పని. చుట్టుపక్కలవాళ్లు అప్పుడు కూడా ఫోన్లో భవనాల ఫొటోలు తీసుకుంటుంటారు.

ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్ల పడవ గంటన్నర, భవనాల గురించి గొప్పగా చెప్తారు గానీ అది నదిలోనే తిరుగుతుంది. మీరు టికెట్ కొనేటప్పుడు 'నది, సరస్సు రెండూ' ఉన్నది అడిగి తీసుకోండి.

కొలంబస్_కోడలు
@కృష్ణా_తీరం మీ పోస్టు మావయ్యగారికి చదివి వినిపించాను. టీవీ కట్టేశారు! కాగితం తెచ్చుకుని ప్రశ్నలు రాస్తున్నారు. సరస్సు మట్టం నదికంటే ఎంత ఎత్తు? వానలు ఎక్కువ పడితే ఏం చేస్తారు? 'మా బందరు లాకుల కంటే పెద్దదా?' అని కూడా అడగమన్నారు.

కృష్ణా_తీరం
మామూలుగా రెండు నుంచి ఐదు అడుగుల తేడా. కుండపోత కురిసి నది మరీ పొంగితే గేట్లు తెరిచి నదిని మళ్లీ సరస్సులోకే వదులుతారు, అంటే ఆ కాసేపు అది తన పాత దారినే పారుతుంది. లాకు గది పొడవు 600 అడుగులు, వెడల్పు 80. బందరు లాకుల కొలతలు ఆయనకే తెలుస్తాయి, చెప్పమనండి, ఇక్కడ రాద్దాం. ఇంకా ఆసక్తి ఉంటే ఇది కూడా చెప్పండి: ఊరు చిత్తడి నేల మీద ఉంది, మురుగు పారడానికి వాలు లేదు. 1850ల చివరి నుంచి ఇటుక భవనాలను అలాగే జాకీలతో పైకి లేపి, వీధులు ఎత్తుచేసి, కింద మురుగు గొట్టాలు వేశారు. లోపల హోటళ్లు నడుస్తుండగానే లేపారు.

గోంగూర_పచ్చడి
అంటే మావయ్యగారికి రెండు కోరికలు ఖాయమయ్యాయి. అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా?

లేక్‌వ్యూ_లలిత
అదే రాద్దామని వచ్చాను. ఇప్పటిదాకా మోకాళ్ల గురించి ఒక్కరూ పట్టించుకోలేదు.

పైన నడిచే రైలు స్టేషన్లలో కొన్నింటికి లిఫ్టు లేదు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు దగ్గరిది ఆడమ్స్-వాబాష్ స్టేషన్ అని మ్యాప్ చూపిస్తుంది, అక్కడ దిగారంటే ఇనుప మెట్లు దిగాల్సిందే. దాని ముందరి వాషింగ్టన్-వాబాష్ స్టేషన్ 2017లో కొత్తగా కట్టినది, లిఫ్టు ఉంది. అక్కడ దిగి కాస్త దూరం నడిపించండి. బస్సులు ఇంకా నయం, తలుపు దగ్గర ఒక పక్కకు వంగుతాయి, ర్యాంపు వేయమంటే వేస్తారు.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. 'నాకేం జబ్బా, కుర్చీ ఎందుకు' అని అత్తయ్యగారు వద్దంటారు. మా అమ్మా అలాగే అంది. 'పాప ఒళ్లో కూర్చుంటుంది' అని చెప్పి కూర్చోబెట్టాను, ఆ తర్వాత లేవమన్నా లేవలేదు. సింహాల వైపు మెట్లున్నాయి, కుర్చీతో వెళ్లేవాళ్లకు మన్రో వీధి వైపు ద్వారం సుఖం. పడవ రేవు కూడా నది మట్టంలో ఉంటుంది, మెట్లు లేని దారి ఎటో టికెట్ కొనేటప్పుడే అడగండి.

మే నెలాఖరే కదా అని పలచటి చీరతో తీసుకెళ్లకండి. ఊళ్లో ఎండగా ఉన్నా సరస్సు ఒడ్డున చలిగాలి కొడుతుంది, పడవ మీద మరీనూ. స్వెట్టరు, శాలువా ఉండాలి.

తాటిముంజ
మంకీ క్యాప్ మర్చిపోకండి. మావయ్యగారు ఎలాగూ తెచ్చే ఉంటారు.

కొలంబస్_కోడలు
తెచ్చారు. రెండు.

పల్నాటి_పిడుగు
విల్లిస్ టవర్ ఎవరూ అనలేదేమిటి? 110 అంతస్తులు, 1,450 అడుగులు, 1998 దాకా ప్రపంచంలో అంతకంటే ఎత్తైన భవనం లేదు. 103వ అంతస్తులో గోడ బయటికి నాలుగడుగులు పొడుచుకొచ్చిన గాజు పెట్టెలున్నాయి. కాళ్ల కింద కార్లు కనిపిస్తాయి.

లేక్‌వ్యూ_లలిత
పెద్దవాళ్లను గాజు మీద నిలబెట్టి భయపెట్టడం ఎందుకు? పైగా సెలవుల్లో లైను గంట దాటుతుంది, ఆ నిలబడటం మోకాళ్లకు శిక్ష.

రాత్రి_డ్యూటీ
2014లో ఆ గాజు పగుళ్లు కూడా ఇచ్చింది.

ఇండీ_ఇంజినీర్
@రాత్రి_డ్యూటీ పగిలింది గాజు కాదు, గీతలు పడకుండా దాని మీద పరిచిన పైపొర. బరువు మోసే గాజుకు ఏమీ కాలేదు. ఇలాంటివి సగం చెప్పకండి.

పాత_షికాగో
ఎత్తే చూడాలనుకుంటే ఉత్తరం వైపు పాత హాంకాక్ భవనం మేలు. 94వ అంతస్తు నుంచి సరస్సు, ఇసుక తీరం కాళ్ల దగ్గరే ఉన్నట్టుంటాయి. ఇంకో కిటుకు, 95వ అంతస్తులో రెస్టారెంటుకు వెళ్లి ఒక కాఫీ తాగితే టికెట్ డబ్బులతోనే కాఫీ, దృశ్యం రెండూ దక్కుతాయి.

రాత్రి_డ్యూటీ
అది 2023లోనే మూతపడింది. మీ పేరులో 'పాత' ఊరికే పెట్టుకోలేదు.

పాత_షికాగో
అయ్యో, అలాగా! మంచి కాఫీ కూడా కాదు లెండి, కిటికీయే బాగుండేది.

చదువరి
రెండు భవనాల వెనకా ఉన్నది ఒకే ఇంజినీరు, ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టి, శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాడు. లోపల స్తంభాల అడవి లేకుండా గాలి ఒత్తిడిని బయటి చట్రమే మోసేలా కట్టడం ఆయన పద్ధతి. హాంకాక్ ఒంటి మీది ఆ పెద్ద ఇంటూ గుర్తులు అలంకారం కాదు, అవే దాని ఎముకలు. విల్లిస్ దగ్గర వీధికి ఆయన పేరు బోర్డు ఉంది. మావయ్యగారికి పైకి ఎక్కకుండా కిందినుంచి చూపించినా చాలు, టికెట్ అక్కర్లేదు.

సీమ_సింగం
పాపకు ఏం చూపిస్తున్నారు? ఇది పెద్దవాళ్ల యాత్రగా మారిపోయింది.

లేక్‌వ్యూ_లలిత
పాపకు ఆ ముఖాల ఫౌంటెన్ చాలు. 50 అడుగుల గాజు గోడలు రెండు, వాటి మీద షికాగో మనుషుల ముఖాలు కదులుతుంటాయి, కాసేపటికి పెదాలు సున్నాలా చుట్టి నీళ్లు ఉమ్ముతాయి. పిల్లలంతా ఆ ధార కిందికి పరుగెత్తుతారు. మారు బట్టలు, తువ్వాలు పట్టుకెళ్లండి. పక్కనే వంతెన దాటితే మ్యాగీ డేలీ పార్కు, ఆటస్థలం అంటే అదీ. ఇంకా ఓపిక ఉంటే లింకన్ పార్కు జూ, పూర్తిగా ఉచితం. షెడ్ అక్వేరియం బాగుంటుంది గానీ సెలవు రోజుల్లో చేపల కన్నా మనుషులే ఎక్కువ.

రాత్రి_డ్యూటీ
సిటీపాస్ (చాలా చోట్లకు కలిపి ఇచ్చే టికెట్) కొనమని ఎవరైనా చెప్తే వద్దనండి. అన్ని చోట్లూ గిట్టుబాటు చేయాలంటే రోజుకు రెండు మ్యూజియాలు పరుగెత్తాలి. శనివారం రాత్రి నేవీ పియర్‌లో బాణసంచా ఉంటుంది, దానికి టికెట్టే లేదు. వేసవి బాణసంచా మొదలయ్యేది మీరు వెళ్లే ఆ వారాంతమే. జనం విపరీతం. పియర్ లోపలికి వెళ్లక్కర్లేదు, సరస్సు ఒడ్డున ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది.

కొబ్బరి_చెట్టు_నీడ
ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతాను. షికాగో అంటే కాల్పులు అంటారు, పెద్దవాళ్లతో వెళ్లడం క్షేమమేనా? మా చుట్టాలు 'వద్దు బాబోయ్' అంటున్నారు.

రాత్రి_డ్యూటీ
ఇక్కడే ఉద్యోగం, రాత్రిళ్లే తిరుగుతాను. వార్తల్లో వచ్చేవి చాలావరకు కొన్ని పేటల్లో జరిగేవి, అక్కడ మీకు పనిలేదు. డౌన్‌టౌన్‌లో పగలు జనం మధ్య భయం లేదు. రాత్రి పదకొండు దాటాక పెద్దవాళ్లతో ఖాళీ రైలు పెట్టె ఎక్కకండి, ట్యాక్సీ పిలవండి.

సీమ_సింగం
భయపడాల్సింది కారు అద్దాలకు. సీటు మీద ఒక్క సంచి కూడా కనిపించకూడదు. మా పక్కింటివాళ్ల కారు అద్దం పగలగొట్టి పట్టుకెళ్లింది ఏమిటనుకున్నారు? ఆవకాయ సీసా ఉన్న సంచి. లోపల ల్యాప్‌టాప్ ఉందనుకుని ఉంటారు.

గోంగూర_పచ్చడి
దొంగకు కూడా అన్నంలోకి కాస్త నంజుకోవడానికి కావాలిగా.

కొలంబస్_కోడలు
తిండి దగ్గరికి వచ్చాం కాబట్టి అడుగుతున్నాను. అత్తయ్యగారు శాకాహారం, గుడ్డు కూడా తినరు. డీప్ డిష్ పిజ్జా తినిపించాలా?

పాత_షికాగో
1943 నుంచి ఆ ఊరి పేరు మీద నడుస్తున్న వంటకం, ఒకసారి రుచి చూడాలి. పాలకూర వేసినది అడగండి. ఉడకడానికి ముప్పావుగంట పడుతుంది కాబట్టి ఫోన్లో ముందే చెప్పి వెళ్లండి. ఐదుగురికి ఒకటి చాలు. ఒక్క ముక్క తింటే మళ్లీ సాయంత్రం దాకా ఆకలి ఉండదు.

లేక్‌వ్యూ_లలిత
నిజం చెప్పాలంటే అది పిజ్జా కాదు, చీజుతో నింపిన గిన్నె. మా అమ్మ రెండు ముద్దలు తిని 'దీంట్లో కాస్త కారం ఉంటే బాగుండు' అంది. ఇక్కడివాళ్లు ఇంట్లో తినేది పలచటి పిజ్జా, చదరపు ముక్కలుగా కోసి ఇస్తారు. పెద్దవాళ్లకు అదే నయం.

అరోరా_అక్కయ్య
పిజ్జాల మీద ఇంత చర్చ ఎందుకు? డెవాన్ అవెన్యూకు వెళ్లండి. ఒక చోట వీధికి గాంధీ పేరు, అదే వీధిలో ఇంకాస్త ముందుకు జిన్నా పేరు, ఇంకో చోట గోల్డా మెయిర్ పేరు. చీరలు, బంగారం, మిఠాయిలు, చాట్ అన్నీ ఉంటాయి. ఇప్పుడు అమెరికా అంతా ఉన్న పటేల్ బ్రదర్స్ 1974లో మొదలైంది ఆ వీధిలోనే. ఇంకా ఓపిక ఉంటే అరోరా బాలాజీ గుడికి రండి. క్యాంటీన్‌లో పులిహోర, దోసెలు దొరుకుతాయి.

రాత్రి_డ్యూటీ
అక్కయ్యా, అరోరా డౌన్‌టౌన్ నుంచి 40 మైళ్లు. ఈ మూడు రోజుల్లో అదెక్కడ పడుతుంది?

అరోరా_అక్కయ్య
గుడికి దూరం చూస్తారా తమ్ముడూ?

కృష్ణా_తీరం
తిరుగు దారిలో లెమాంట్ రామాలయం చూడండి, కాస్త చుట్టే గానీ అరోరా అంత దూరం కాదు. గుట్ట మీద గోపురం. ఆవరణలో వివేకానందుడి నిలువెత్తు కంచు విగ్రహం కూడా ఉంది, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరకని దర్శనం మావయ్యగారికి అక్కడ దొరుకుతుంది. పైగా ఆ ఊరి పక్కనుంచే నేను చెప్పిన కాలువ పోతుంది. ఆయన్ని కారులోంచి దిగనిస్తే మళ్లీ ఎక్కించడం మీ బాధ్యత.

కొలంబస్_కోడలు
ఇప్పటికి ఇలా అనుకున్నాం. డౌన్‌టౌన్‌లోనే రెండు గదులు (సీమ_సింగంగారూ, కోప్పడకండి, మావారికి కూడా ఖర్చు చూసి ఒళ్లు మండింది). కారు గ్యారేజీలో. శనివారం సాయంత్రం పార్కు, బీన్, పాప ఫౌంటెన్, ఓపిక ఉంటే బాణసంచా. ఆదివారం పొద్దున లాకు పడవ, మధ్యాహ్నం కునుకు, మూడింటికి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. సోమవారం పొద్దున్నే లెమాంట్, అటునుంచి అటే ఇల్లు. విల్లిస్, షెడ్, ఫీల్డ్ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, డెవాన్ అన్నీ కొట్టేశాను. జాబితా పంపినాయనకు ఇంకా చెప్పలేదు.

చదువరి
ఆదివారం మ్యూజియం ఐదింటికే మూసేస్తారు. మూడింటికి వెళ్తే రెండు గంటలే. తిన్నగా ఇంప్రెషనిస్టుల గదులకు, అక్కడ ఫ్రెంచి చిత్రకారుడు సెరా వేసిన ఆదివారం మధ్యాహ్నం బొమ్మ దగ్గరికి వెళ్లండి. పదడుగుల వెడల్పు, అంతా చుక్కలే. పాపను ముందు దగ్గర నిలబెట్టి, తర్వాత దూరం తీసుకెళ్లండి. మిగతాది వదిలేయండి.

లేక్‌వ్యూ_లలిత
కునుకు మానేసి పొద్దున 11కే మ్యూజియం, సాయంత్రం పడవ పెట్టుకోండి. సాయంత్రం ఎండ భవనాల అద్దాల మీద పడి బాగుంటుంది.

గోంగూర_పచ్చడి
@లేక్‌వ్యూ_లలిత విజయవాడ మావయ్యగారి మధ్యాహ్నం కునుకు రద్దు చేసే అధికారం అమెరికాలో ఎవరికీ లేదు.

కొలంబస్_కోడలు
అదే నిజం. కునుకు ఉంటుంది.

అరోరా_అక్కయ్య
అయితే పులిహోర ఇంటి నుంచే కలుపుకుని వెళ్లండి, శనివారం దారిలోకి, రాత్రికి సరిపోతుంది. చింతపండు పులిహోర, నిమ్మకాయది కాదు. నిమ్మకాయది కారులో సాయంత్రానికి చేదెక్కుతుంది.

సీమ_సింగం
మా ఇంట్లో నిమ్మకాయ పులిహోర ఏనాడూ చేదెక్కలేదు. పొయ్యి మీదుండగా రసం పిండితే చేదెక్కుతుంది, దించాక పిండాలి.

అరోరా_అక్కయ్య
దించాక పిండినా అంతే. మీ ఇంట్లో సాయంత్రం దాకా మిగలదేమో, అందుకే తెలియలేదు.

కొబ్బరి_చెట్టు_నీడ
మేం ఇదే ప్లాను నవంబర్ చివర థాంక్స్‌గివింగ్‌కు పెట్టుకుంటే కుదురుతుందా?

రాత్రి_డ్యూటీ
పిల్లలు తడిసే ఫౌంటెన్ నీళ్లు ఆపేసి ఉంటారు, బకింగ్‌హామ్ ఫౌంటెనూ అంతే. పడవలు కూడా అప్పటికి చాలావరకు కట్టేస్తారు. మ్యూజియాల మీద ఆధారపడాలి, గురువారం పండగ రోజున అవి కూడా మూస్తారు. దానికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ నిమ్మకాయ గొడవే ఇంకా తేలలేదు.